బి సైడు చివరి మూడు నిమిషాలు

అరవై నిమిషాల క్యాసెట్లో సైడుకి ఏడు పాటలు పడతాయి. పాటకి నాలుగు నిమిషాలు వేసుకుంటే ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. రెండు నిమిషాలు మిగులుతుంది. కంపెనీవాళ్ళు టేపు కొంచెం ఎక్కువే చుడతారు కాబట్టి మూడు అనుకోండి. నేను చెప్పబోయేదంతా ఆ మిగిలిన మూడు నిమిషాల గురించే.

1985లో నేను నెల్లూరులో టెన్త్ చదువుతున్నాను. మాది స్టోన్‌హౌస్‌పేట. మా పెదనాన్న కొడుకు కువైట్ నుంచి వస్తూ టూ ఇన్ వన్ ఒకటి పట్టుకొచ్చాడు, రేడియో, టేప్ రికార్డరు రెండూ ఒకే పెట్టెలో. అంతవరకూ మా ఇంట్లో ఉన్నది పాత రేడియో. మధ్యాహ్నం పూట రేడియో సిలోన్ తిప్పితే అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వచ్చేది. మా అమ్మ తోముతున్న గిన్నె అలాగే చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చి నిలబడేది. పాటకి ముందు చిత్రం పేరు, రాసినవారి పేరు, పాడినవారి పేరు చదువుతారు కదా. బాలు పేరు వస్తే మా నాన్న ‘మనోడు’ అనేవాడు. నెల్లూరులో బాలుని అందరూ అలాగే అంటారు. తిప్పరాజువారి వీధిలో వాళ్ళ ఇల్లుండేది మరి. సంగీతం ఎవరన్నది కూడా చదివేవాళ్ళు. ఆ ముక్క మాత్రం మాలో ఎవరికీ చెవికెక్కేది కాదు. పాట ఎప్పుడు మొదలవుతుందా అన్న తొందర మాది.

టూ ఇన్ వన్ వచ్చాక పాటలు మన చేతిలోకి వచ్చాయి. అంటే, కనకమహల్ సెంటర్ దగ్గర సందులో ఉన్న రికార్డింగ్ షాపాయన చేతిలోకి.

షాపు అంటే పెద్దదనుకోకండి. నులకమంచం వేస్తే ఇక కాలు పెట్టే చోటుండదు. ఒక రికార్డ్ ప్లేయరు, రెండు క్యాసెట్ డెక్కులు, మూడు గోడలకీ చెక్క అరలు, వాటినిండా నిలబెట్టిన రికార్డులు. లోపలికి అడుగుపెడితే అగరొత్తుల వాసన, దాని వెనకే స్పిరిట్ వాసన. అగ్గిపుల్లకి దూది చుట్టి స్పిరిట్లో ముంచి, ప్రతి క్యాసెట్టుకీ ముందు డెక్కు హెడ్డుని తుడిచేవాడాయన. గోధుమరంగు మరక అంటుకున్న దూదిని వెలుతురులో పెట్టి చూసి, ఇంకోసారి తుడిచి, మళ్ళీ చూసి, దూది తెల్లగా వచ్చాకే క్యాసెట్ లోపల పెట్టేవాడు. రికార్డుని అరచేతుల మధ్య అంచులు పట్టుకునేవాడే తప్ప ముఖం మీద వేలు పడనిచ్చేవాడు కాదు. అంతకు ముందు ఆయన మైకుసెట్టు నడిపేవాడట. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఎలక్షన్లు. క్యాసెట్లు వచ్చాక హారన్లు, ఆంప్లిఫయరు ఎవరికో అమ్మేసి రికార్డులు మాత్రం ఉంచుకుని ఈ షాపు పెట్టాడు.

పద్ధతి ఏమిటంటే, నోటు పుస్తకం కాగితం మీద పాటలు రాసుకుని వెళ్ళాలి. ఖాళీ క్యాసెట్ మనదే అయితే పాటకి అర్ధరూపాయి. చెవి మీద పెన్ను తీసి మన లిస్టు చదివేవాడు. నచ్చిన పాట దగ్గర ‘ఊఁ’ అనేవాడు. నచ్చకపోతే ఏమీ అనేవాడు కాదు. నా లిస్టులకి ఊఁ-లు తక్కువ. నాలుగు రోజుల తర్వాత రమ్మనేవాడు, మేం రెండో రోజే వెళ్ళేవాళ్ళం, ‘అయిపోలేదబ్బయ్యా’ అనిపించుకుని వచ్చేవాళ్ళం.

క్యాసెట్ డబ్బాలో పెట్టే అట్ట మీద ఆయన చేతిరాత ముత్యాలే. ఒకటి నుంచి ఏడు దాకా నంబరు వేసి పాట, పక్కన సినిమా పేరు. ఏడో నంబరు కింద మటుకు నంబరు లేకుండా, పాట పేరు లేకుండా, ఒక్క అక్షరం ఉండేది: ‘స’. దాని కింద చిన్న గీత.

ఏడు పాటలూ అయిపోయాక టేపులో మిగిలిన మూడు నిమిషాల్లో మనం అడగని పాట ఒకటి వచ్చేది. ఒక్కోసారి పూర్తిగా వచ్చేది. ఎక్కువసార్లు రెండో చరణం మధ్యలో ఠక్కుమని ఆగిపోయేది. అందుకని ‘స’ అంటే ‘సగం’ అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. దాని గురించి ఆయన్ని ఏనాడూ అడగలేదు. ‘చివర్లో ఆ పాట ఎందుకేశావన్నా’ అని మాత్రం ఒకసారి అడిగాను. ‘టేపు ఖాళీగా ఎందుకు పోవాలబ్బయ్యా’ అన్నాడు. అడగని పాటకి డబ్బు తీసుకునేవాడు కాదు కాబట్టి మా నాన్నకి ఆయనంటే గురి.

ఇక నా సంగతి. ఆ వయసులో అందరికీ పట్టే పిచ్చే నాకూ పట్టింది: ఇళయరాజా. సితార, అన్వేషణ, స్వాతిముత్యం. లిస్టు మొత్తం ఆయనే ఉండేవాడు. ఇంటర్‌కి వి.ఆర్. కాలేజీలో చేరాక ఆ పిచ్చికి తోడు నలుగురు దొరికారు. మూలాపేటలో ఒకడి గది ఉండేది. సాయంత్రం లైటార్పి పాటలు వినేవాళ్ళం. లైటెందుకు ఆర్పాలో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఒకరోజు నా క్యాసెట్ పెట్టాం. ఏడో పాట ‘ఏకాంత వేళ’. పాట అయిపోయింది. ఎవరూ మాట్లాడటం లేదు. ఆ చీకట్లో, ఆ నిశ్శబ్దంలో, ఒక్కసారిగా ‘రింఝిం రింఝిం హైదరబాద్’ అని ఎత్తుకుంది టేపు.

‘ఏందిరా ఇది, పెళ్ళి పందిట్లో మైకా?’ అన్నాడొకడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ చెవులు కాలిపోయాయి. మర్నాడే షాపుకి పోయి, ‘అన్నా, చివర్లో అడగని పాటలు వెయ్యొద్దు’ అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఎందుకంటే పక్కనున్న కుర్రాడు తలెత్తి చూశాడు. ఆయన పెన్ను చెవి మీద పెట్టుకుని, ‘సరే అబ్బయ్యా’ అన్నాడు.

ఆ తర్వాతి క్యాసెట్లో ఏడో పాట అయ్యాక ‘సుయ్యి’మని టేపు తిరుగుతూనే ఉంది. మూడు నిమిషాల తర్వాత మీట పైకి లేచింది. అట్ట మీద ఏడో నంబరు కింద ఏమీ లేదు. నా పంతం నెగ్గింది. డిగ్రీ అయి ఊరు వదిలేదాకా అలాగే నెగ్గుతూ వచ్చింది.

1994లో బెంగళూరులో ఉద్యోగం. నా గదిలో షిమోగా అబ్బాయి ఒకడుండేవాడు. కన్నడ హీరో విష్ణువర్ధన్ అంటే ప్రాణం వాడికి. స్నానం చేస్తూ పాత కన్నడ పాటలు పాడేవాడు. ఒకరోజు ఏదో ట్యూను బాగుందని అడిగితే, ‘సత్యం మ్యూజిక్కు. మీ తెలుగాయనే కదా, తెలీదా?’ అన్నాడు. తెలియదన్నాను. వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నెల్లూరువాడివి, నీకు మొలగొలుకులు బియ్యం తెలియదా అన్నట్టు చూశాడు. అయినా నాకు ఆసక్తి పుట్టలేదు. ఎవరో సత్యం, ఏదో కన్నడ పాట, మనకెందుకులే అనుకున్నాను.

పన్నెండేళ్ళు గడిచాయి.

2006 వేసవి. పోకిరి ఆడుతున్న రోజులు. నెల్లూరు వచ్చాను. మా అక్క కొడుకు, ఎనిమిదో తరగతి, హాల్లో టీవీ ముందు గంతులేస్తున్నాడు. ‘గలగల పారుతున్న గోదారిలా.’ నేను అన్నం తింటున్నాను. వాడు పాడే పల్లవికి నా నోట్లోంచి చరణం వచ్చేసింది. టీవీలో వస్తున్న మాటలు కాదు, వేరే మాటలు, కాస్త నెమ్మదైన నడక. వాడు గంతులాపి, ‘మామా, నీకెట్టా వొచ్చు ఈ పాట?’ అన్నాడు. మా అక్క వంటింట్లోంచి, ‘అది పాత పాటరా, కృష్ణది’ అంది. అదీ ఆమెకి తెలిసింది కృష్ణ వరకే. గౌరి అనే సినిమా, 1974. కృష్ణ, జమున. రాసింది దాశరథి, పాడింది బాలు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవే. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా ఒక్కటే. నేను ఆ సినిమా చూడలేదు. ఆ రికార్డు మా ఇంట్లో లేదు. అయినా రెండో చరణం సగం దాకా మాట పొల్లు పోకుండా వచ్చు. సగం తర్వాత ఒక్క మాట రాదు.

సగం. చెయ్యి కడుక్కుని అటక ఎక్కాను.

ఇనప్పెట్టెలో నలభైకి పైనే క్యాసెట్లు. కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటి టేపు బయటికొచ్చి వేళ్ళాడుతోంది. టూ ఇన్ వన్ ఎప్పుడో చచ్చింది. పక్కింటివాళ్ళ దగ్గర వాక్‌మన్ అడిగి తెచ్చాను. పెన్సిలు పెట్టి ఒక్కోదాన్నీ చివరిదాకా చుట్టి, వెనక్కి కొంచెం తిప్పి, ఆ ఏడో పాట తర్వాతవి మాత్రం వింటూ కూర్చున్నాను. మా అక్క రెండుసార్లు కాఫీ పెట్టి చల్లార్చింది.

‘తెల్లావారకముందే పల్లె లేచింది.’ ముత్యాల పల్లకి. సుశీల గారు. ఊరు ముందు లేచి, ఆదమరిచి నిద్రపోతున్న కోడి తర్వాత ఉలిక్కిపడి లేస్తుంది ఆ పాటలో. మల్లెమాల గారి చమత్కారం. ‘ఇదే పాట ప్రతీ చోట.’ పుట్టినిల్లు మెట్టినిల్లు, 1973. ‘ఏ దివిలో విరిసిన పారిజాతమో.’ కన్నె వయసు, అదీ 1973లోదే. ‘ఓ బంగరు రంగుల చిలకా.’ తోట రాముడు. ‘నీ కౌగిలిలో తలదాచి.’ కార్తీక దీపం. ‘ఇది తీయని వెన్నెల రేయి.’ ప్రేమలేఖలు. ‘తొలి సంజ వేళలో.’ సీతారాములు.

వీటిలో కొన్ని తెలుగునాట తెలియనివాళ్ళు లేని పాటలే. పారిజాతమో పాట తెలియదంటే మీరు బాలుని విననట్టే లెక్క. కానీ నేను వీటన్నిటినీ విడివిడిగానే ఎరుగుదును. ఇది బాలు పాట, ఇది సుశీల పాట, ఇది కృష్ణ పాట, ఇది చలం పాట. వీటన్నిటికీ ఒకే తండ్రి ఉన్నాడన్న ఆలోచనే రాలేదు.

బెంగళూరు తిరిగి వెళ్ళాక నెట్ సెంటర్లో కూర్చుని ఒక్కో పాటా వెతికాను. సంగీతం సత్యం. సంగీతం సత్యం. సంగీతం సత్యం. ఆరో పాట దగ్గర నాకు నవ్వొచ్చింది. ‘స’ అంటే సగం కాదు.

చెళ్ళపిళ్ళ సత్యం గారిది పార్వతీపురం ప్రాంతం. సంగీత దర్శకుడు ఆదినారాయణరావు గారి దగ్గర సహాయకుడిగా పనిచేసి, సొంతంగా సంగీతం చేసిన మొదటి సినిమా మాత్రం కన్నడంలో, 1963లో వచ్చిన శ్రీరామాంజనేయ యుద్ధ. అంటే మా షిమోగావాడి గర్వంలో న్యాయం ఉంది. తర్వాత తెలుగు, కన్నడం కలిపి వందల సినిమాలు చేశారు. 1989లో పోయారు. ఆ సంవత్సరం నేను గీతాంజలి పాటలకి లిస్టు రాసుకుంటూ ఉన్నాను.

అప్పటినుంచి నాకు ఇదొక పనైపోయింది. ఆదివారం వస్తే పాత వీసీడీలు అమ్మే బండ్ల దగ్గర తేలేవాణ్ణి. అట్ట వెనక సన్న అక్షరాలు చదవడం, సత్యం అని ఉంటే కొనడం. సినిమా ఏదైనా సరే. ఇరవై, ముప్పై రూపాయల బేరాలు. మా ఆవిడకి ఇది అర్థం కాలేదు. ‘హీరో ఎవరు?’ అనేది. ‘చలం’ అంటే పెదవి విరిచేది. పాపం చలం. మట్టిలో మాణిక్యం ఆయన తీసి, నటించిన సినిమా. 1971కి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. మా కుర్రాళ్ళు పడీ పడీ నవ్విన రింఝిం రింఝిం అందులోదే. అదే సినిమాలో భానుమతి గారు ‘శరణం నీ దివ్య చరణం’ పాడారు. రిక్షావాడి హుషారు పాట, భానుమతి గారి భక్తి పాట ఒకే మనిషి కట్టినవి, ఒకే సినిమా కోసం. ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి ఒకసారి.

అన్నీ ఆణిముత్యాలని నేననను. అన్ని వందల సినిమాలు చేసినవాడి కుప్పలో గింజా ఉంటుంది, గడ్డీ ఉంటుంది. ఆ రోజుల్లో చిన్న నిర్మాతలు పాట కోసం మద్రాసులో నెలల తరబడి కూర్చునే రకం కాదు. నేను కొన్న వీసీడీల్లో పాటొస్తే ముందుకి తోసేసినవీ ఉన్నాయి. కానీ తోసేద్దామని రిమోట్ ఎత్తిన చోటే చెయ్యి ఆగిన సందర్భాలు ఎక్కువ. జంజీర్‌ని తెలుగులో నిప్పులాంటి మనిషిగా తీశారు, 1974లో. హిందీలో ఖవ్వాలీ అంత పేరు తెచ్చుకున్న చోట తెలుగులో ఏం నిలబడుతుంది అనుకుంటాం. ‘స్నేహమే నా జీవితం’ నిలబడింది. నెల్లూరులో ఇద్దరు స్నేహితులు మందు కొట్టి ఆత్మకూరు బస్టాండు దగ్గర భుజాల మీద చేతులేసుకుని నడుస్తున్నారంటే ఇప్పటికీ వచ్చే పాట అదే. అంతకుమించిన అవార్డు ఏముంటుంది ఒక ట్యూనుకి?

పాలు నీళ్ళు అని దాసరి గారి సినిమా ఉంది, 1981. అందులో ఆశా భోస్లే పాడిన ‘ఇది మౌన గీతం’ ఉంది. ఆశా గారు తెలుగులో పాడారా అని ఇప్పటికీ అడుగుతారు జనం. పాడించింది మన సత్యమే. హిందీ సినిమాకి మకుటం లేని రాణిలా ఉన్నావిడని తెచ్చి, ఆర్భాటం లేకుండా, పాట పేరుకి తగ్గట్టు మెల్లగా పాడించాడు. నా ఫోన్లో రాత్రిపూట వినే పాటల్లో అదొకటి.

ఈ వెతుకులాటలో మా జిల్లావాడు ఒకాయన దొరకడం నాకు దొరికిన బోనస్. కె.ఎస్.ఆర్. దాస్. పుట్టింది వెంకటగిరిలో. అప్పుడది నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. పిడిగుద్దుల సినిమాలకి పెట్టింది పేరు. 1970లో విజయలలితతో రౌడీ రాణి తీశాడు, హిందీలోనూ తానే మళ్ళీ తీశాడు. ఆడమనిషి గుర్రమెక్కి తుపాకీ పట్టి పగ తీర్చుకునే సినిమా, ఆ రోజుల్లో! దానికి సంగీతం సత్యం. జేమ్స్ బాండ్ 777కీ సత్యమే, ఏజెంట్ గోపికీ సత్యమే. కన్నడంలో విష్ణువర్ధన్, రజనీకాంత్ కలిసి చేసిన సహోదరర సవాల్‌కి దర్శకుడు దాస్, సంగీతం సత్యం. షిమోగావాడికి ఫోన్ చేసి, ‘మీ విష్ణువర్ధన్ సినిమా తీసింది మా జిల్లావాడు, పాట కట్టింది మా భాషవాడు’ అని చెప్పాను. ‘పన్నెండేళ్ళు పట్టిందా నీకు’ అన్నాడు వాడు.

దాస్ సినిమాలు చూస్తున్నప్పుడు నాకు ఇంకొకటి తెలిసొచ్చింది. రికార్డుల మీద మనకి దొరికేవి పాటలే. రెండు పాటల మధ్య గంటల తరబడి వాయించిన సంగీతం ఉంటుంది కదా, తలుపు తెరుచుకున్నప్పుడూ, దొంగ పారిపోతున్నప్పుడూ, తల్లి కొడుకుని గుర్తుపట్టినప్పుడూ వచ్చేది, అది ఏ రికార్డు మీదా ఉండదు. ఏ పాటల పుస్తకంలోనూ ఉండదు. సినిమా ఉంటేనే అదీ ఉంటుంది. ప్రింటు పోతే అదీ పోతుంది. అందుకని మాటలకి ప్రాధాన్యం లేని ఫైటింగులు వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ చూసి, ‘ఫైటింగ్‌కి నిద్రపోయేవాణ్ణి నిన్నే చూశా’ అనేది.

2014లో మా నాన్న సంవత్సరీకానికి నెల్లూరు వెళ్ళినప్పుడు కనకమహల్ సెంటర్ దగ్గరకి పోయాను. సందు ఉంది, షాపు లేదు. ఆ చోట సెల్‌ఫోన్లకి గ్లాసులు అంటించే కుర్రాడు కూర్చున్నాడు. వాడికేం తెలుస్తుంది? పక్కన టైలరు చెప్పాడు: పెద్దాయన బాగానే ఉన్నాడు, రంగనాయకుల గుడి దగ్గర కొడుకింట్లో ఉంటున్నాడు అని.

నేను గుర్తుంటానని అనుకోలేదు. గుర్తు లేను కూడా. స్టోన్‌హౌస్‌పేట అన్నాను, ఇళయరాజా పాటలన్నాను. ‘అందరూ ఆయన పాటలే కదబ్బయ్యా’ అన్నాడు. మనిషి చిక్కిపోయాడు. చెవి మీద పెన్ను లేదు గానీ ఆ చెవి మీది వెంట్రుకలు మాత్రం పెన్ను పెట్టిన చోట వంగే ఉన్నట్టనిపించింది నాకు.

జేబులోంచి పాత అట్ట ఒకటి తీసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఏడో నంబరు కింద చూశాడు. ‘ఊఁ’ అన్నాడు. ముప్పై ఏళ్ళకి నా లిస్టుకి పడిన ఊఁ అది.

‘ఎందుకన్నా ఎప్పుడూ సత్యం పాటే?’ అని అడిగాను.

‘హారన్లు కట్టినోడికి తెలుస్తాది’ అన్నాడు. తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. హారన్ అనేది అన్ని పాటలకీ ఒప్పుకోదు. వయొలిన్లు గుంపుగా వాయిస్తే ఈగల మోతలా వినపడుతుంది. కింది స్థాయి శబ్దాలు హారన్లో పలకవు. గొంతు, పిల్లనగ్రోవి, డోలు మీద దెబ్బ, ఇవే గాలిలో దూరం పోతాయి. పెళ్ళివారి ఇంటి ముందు చింతచెట్టుకి హారన్ కడితే పక్క ఊళ్ళో కళ్ళంలో ఉన్నవాడికి కూడా ఏ పాటో తెలియాలి, అప్పుడే మైకుసెట్టాయనకి పేరు. ‘శానా మంది పాటలు వేసి చూసినా. ఊరు దాటేసరికి ముద్దయిపోతాయి. సత్యం పాటయితే తాళం విడివిడిగా ఉంటాది. పొలాల మీదుగా పోయినా ఏ దెబ్బకా దెబ్బ వినపడతాది’ అన్నాడు.

సంగీతం మీద ఎన్ని వ్యాసాలు చదివానో. ఇలాంటి మాట ఒక్కరూ రాయలేదు.

‘మరి ‘స’ అంటే ఏందో నాకు అప్పుడే చెప్పొచ్చు కదన్నా?’

‘చెప్తే వింటారా? పాట వినాల గానీ’ అన్నాడు.

వెయ్యొద్దని నేను గట్టిగా అన్న సంగతి చెప్పాను. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నది కాదు, ఎనిమిదేళ్ళుగా మోస్తున్నది, కానీ బరువు బరువే. ఆయన చెయ్యి ఊపేశాడు. ‘నువ్వొక్కడివేనా. శానా మంది వొద్దన్నారు.’ అంతే. కోడలు మజ్జిగ తెచ్చి పెట్టింది. నేను తాగాను. ఆయన రికార్డులేమయ్యాయని అడిగాను. 1990ల చివర్లో వరదలకి ఇంట్లోకి నీళ్ళొచ్చి సగం పాడయ్యాయట, మిగిలినవి మద్రాసునుంచి వచ్చిన ఎవరో కిలోల లెక్కన కొనుక్కుపోయారట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నా వైపు చూడలేదు.

మాట మార్చడానికి సంచిలోంచి పెన్ డ్రైవు తీశాను. ఆయన కోసమే తెచ్చింది. వాళ్ళ టీవీకి పెట్టుకోవచ్చని కొడుకుతో ముందే ఫోన్లో మాట్లాడాను. నేను పోగుచేసిన సత్యం పాటలు నూట ఎనభై ఉన్నాయి అందులో.

చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచులు పట్టుకుని. ముఖం మీద వేలు పడకుండా.

‘దీంట్లో నూట ఎనభై పాటలు పట్టినాయా?’

‘పట్టాయన్నా.’

‘నిండిపోయిందా?’

‘లేదు. ఇంకా ఏడు జీబీ ఖాళీ ఉంది.’

‘జీబీ అంటే నాకేం తెలుసబ్బయ్యా. ఎన్ని పాటలు పడతాయో చెప్పు.’

లెక్కేశాను. ‘ఒక వెయ్యికి పైనే పడతాయన్నా.’

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు. వెలుతురులో పెట్టి చూసి, ఇంకోసారి తుడిచి, పెట్టుకున్నాడు. ‘వెయ్యి పాటలు ఖాళీగా పెట్టుకుని తిరగతాండావా’ అన్నాడు. కోడలి వైపు తిరిగి, పిల్లల నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించుకు రమ్మన్నాడు. కాగితం వచ్చాక నా ముందు పెట్టాడు.

‘రాసుకో. ఒకటి...’

సాయంత్రం ఆరున్నరకి గుళ్ళో గంట కొట్టేసరికి యాభై మూడో నంబరు దగ్గర ఉన్నాం. అందులో పదకొండు నేను పేరు కూడా వినని సినిమాలు.